పటికలో తప్పేమీ లేదు

పటిక కార్ఖానా ఇళ్ళు,
యార్క్‌షైర్ తీరం,
1846 నవంబరు 12, గురువారం.

చిరంజీవి ఎఫ్రాయిముని దీవించి అమ్మ రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం నా చేతికి అలవాటైపోయింది. ఇప్పుడు అందరం అంటే నేనూ, ఐదు కోళ్ళూ. మాకు ఒంట్లో బాగానే ఉంది. అక్కడ న్యూకాజిల్‌లో ఆ సోడా ఫ్యాక్టరీ పొగకి దగ్గు తెచ్చుకోకుండా, వేళకింత తింటున్నావని తలుస్తాను. నీ ఉత్తరం శనివారం అందింది. అందులో మడిచిపెట్టిన రెండో కాగితం, మేనేజరు పింక్నీ గారికి అందజెయ్యమన్నది, అదీ అందింది. ఇంకా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది. తొందరపడి చివరి పేజీ ముందు చూడకు. చిన్నప్పటి నుంచీ నీకా బుద్ధి ఉంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బూట్లు ఎవరికీ ఇవ్వలేదు, గుమ్మం పక్కనే ఉన్నాయి. సమాధి మీద మట్టి ఇంకా అణగలేదు, రాయి నిలబెట్టడానికి చలికాలం పోయేదాకా ఆగమన్నారు. నిద్ర పడుతోందా అన్నావు. పడుతోంది. కడుపునిండా ఏడిచావా అని అడిగావు. లేదు. నాలుగు వారాలు కావస్తోంది, కన్ను తడవలేదు. పొద్దున్నే ఓట్సు జావ కాస్తాను, రెండు గిన్నెల్లో పోస్తాను, ఒక గిన్నెది మళ్ళీ కుండలో పోస్తాను. తిమ్మిరెక్కిన కాలుని చేత్తో తడిమినట్టుంది నా పని. చూస్తే నా కాలే అని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. ఊట దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. మామూలుగానే మాట్లాడుకోండి, నాకేం ఇబ్బంది లేదు అని చెప్పాను. దాంతో పూర్తిగా మాటలు మానేశారు.

రూబెన్‌ని ఎప్పుడు వెళ్ళగొడతారని రెండుసార్లు అడిగావు. మొన్న సోమవారం పింక్నీ గారు అందరినీ పటిక రసం కాచే పెనాల దగ్గరికి పిలిచి తీర్పు చెప్పారు. పెనాలు చూసుకునే రూబెన్‌కి చూపు మందగించిందనీ, పలచని రసాన్ని చిక్కగా ఉందనుకుని పీపాలోకి వదిలాడనీ, అందువల్లే నాన్న, లూక్ హార్లండ్, ప్రాణం పోయిందనీ అన్నారు. ఈ నెల ఇరవై మూడు లోపల పనీ ఇల్లూ రెండూ వదిలి పోవాలి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు, ఒక పిల్లి తప్ప. ఇక్కడి నుంచి పోతే పట్నంలో బీదల సత్రమే గతి. అక్కడ పిల్లిని రానివ్వరట. నీకు ఈ కబురు సంతోషంగానే ఉంటుందని తెలుసు. నీ కాగితం కూడా అదే కోరుతోంది కదా. చదివాను. మడత విప్పకుండా ఉండాల్సింది, విప్పాను.

నువ్వు ఊరు వదిలి ఎనిమిదేళ్ళయింది, పెద్దపీపా పని మరిచిపోయి ఉంటావు. పోయిన ఉత్తరంలో ముక్కలు ముక్కలుగా రాశాను, ఇప్పుడు వరసగా రాస్తాను. చివరి పెనంలో పటికని మళ్ళీ వేడినీళ్ళలో కరిగించి, రసం తగినంత చిక్కబడిందని రూబెన్ తేల్చాక, మనిషిని మించిన ఎత్తున్న పీపాలోకి వదులుతారు. చల్లారుతున్నకొద్దీ పటిక పీపా గోడలకి లోపలివైపున పేరుకుంటూ వస్తుంది. నడుమ మాత్రం పేరుకోని రసం ఉండిపోతుంది. పన్నెండో రోజున ఇనుప కట్లు కొట్టేసి, చెక్కలు ఒక్కొక్కటే ఊడదీస్తారు. పీపా పోతుంది, పీపా ఆకారంలో తెల్లటి పటిక నిలబడుతుంది. అప్పుడు నాన్న బరమాతో అడుగున బెజ్జం వేసి రసాన్ని కాలవలోకి వదిలేవాడు. ఆ తర్వాత గడ్డపార. ఇరవై రెండేళ్ళు అదే పని చేశాడు. అక్టోబరు పదిహేడున బరమా ఇంకా సగం కూడా దిగకముందే గోడ నిలువునా చీలింది. లోపలి రసం తోసుకొచ్చింది, పైసగం ఆయన మీద పడింది. గోడ మూరెడు మందం ఉండాలి. విరిగిన ముక్కలు చూశాను, జానెడు కూడా లేదు.

ఇక నీ ప్రశ్నలకి వస్తాను. ఆ పటికలో వేరే ఉప్పు ఏదైనా కలిసి గోడని బలహీనం చేసిందేమో, రూబెన్ శుద్ధి సరిగ్గా చెయ్యలేదేమో చూడమన్నావు. పులుపూ క్షారమూ కలిస్తే ఉప్పు పుడుతుందని మీ ఫ్యాక్టరీలో రసాయనాలు చూసే పెద్దాయన పాఠం చెప్పాడని రాశావు. ఆ సంగతి ఇక్కడ కోడిపిల్లలకి కూడా తెలుసు నాయనా, పేర్లే తెలియవు. కొండ నల్లరాయిని గుట్టపోసి తొమ్మిది నెలలు కాలిస్తే, ఆ రాయి నానిన నీళ్ళు నాలుక ముడుచుకుపోయేంత పుల్లగా ఉంటాయి. ఆ పులుపు ఊరికే ఉండదు, జత వెతుక్కుంటుంది. రాతిలో ఉన్న ఇనుముతో జతకడితే పచ్చటి అన్నభేది. పెనంలో అన్నిటికన్నా ఆఖర్న మిగిలే చేదు రసంలోంచి వచ్చేది భేదిఉప్పు, కడుపు కదలడానికి డాక్టర్లు ఇచ్చేది. పటిక మాత్రం వీటిలాగా ఒక్క జతతో ఊరుకోదు. రాతిలోని మట్టినీ, మనం బయటి నుంచి తెచ్చి పోసే క్షారాన్నీ, ఇద్దరినీ ఒకేసారి కట్టుకుంటేగాని గడ్డకట్టదు. ఇద్దరు పెళ్ళాలున్నా గొడవ లేని కాపురం ఈ కార్ఖానాలో పటికదొక్కటేనని నాన్న అనేవాడు, నేను విసుక్కునేదాన్ని.

పచ్చగా ఉందా అని అడిగావు. లేదు. తెల్లగా ఉంది. అయినా నీ తృప్తి కోసం ఒక ముక్క మీద చల్లారిన టీ నీళ్ళు పోసి చూశాను. ఇనుము ఉంటే సిరాలాగా నల్లబడాలి. టీ రంగు టీ రంగులాగే ఉంది. చేదుగా ఉందా అన్నావు. నాకి చూశాను. మొదట తీపి, ఆ తర్వాత పులుపు, ఆ వెనక నోరు పీక్కుపోవడం, పటిక రుచే. చేదు ఎక్కడా తగల్లేదు. నాన్నని చంపినదాన్ని నాకుతున్నానని అప్పుడు తోచింది. తోచింది గాని ఏమీ అనిపించలేదు.

క్షారం ఏది పోశారు, సముద్రపు నాచు బూడిదా, మూత్రమా అని మూడోది. ఈ ఆకురాలే కాలంలో బూడిద పడవ ఉత్తరాన గాలికి చిక్కుకుని రాలేదు. పట్నం నుంచి వచ్చే మూత్రం పీపాలే దించుకున్నారు. ఊరంతా ఎలా కంపుకొట్టిందో నీకు చెప్పక్కర్లేదు. అయినా సరే చూడమన్నావు గనుక, ఆ పటిక పొడిలో కాస్త సున్నం వేసి, తడిచేసి, వేళ్ళతో నలిపాను. బూడిద పటిక అయితే వాసన ఉండదు. దీనికి గుప్పున లేచి ముక్కులోకి కొట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, చాలాసేపు. నాన్న పోయాక నా కళ్ళు కార్చిన నీళ్ళు అవే. సున్నం పుణ్యమా అని వచ్చాయి. ఆ సమయానికే పక్కింటావిడ తొంగిచూసి, పోనీలే, గుండె బరువు దిగింది అని వెళ్ళి నలుగురికీ చెప్పింది.

కాబట్టి అది మూత్రపు పటిక. దానికీ బూడిద పటికకీ గట్టిదనంలో తేడా లేదని నాన్నే చెప్పేవాడు. ఇనుము లేదు, చేదు లేదు. పటికలో తప్పేమీ లేదు. రూబెన్ శుద్ధి చేసినంత బాగా ఎవరూ చెయ్యరు. ఉన్న తప్పల్లా గోడ మందం తక్కువ కావడమే. పీపాలోకి పోయిన రసంలో పటిక తక్కువ, నీళ్ళు ఎక్కువ. నువ్వూ నీ కాగితంలో అక్కడికే వచ్చావు. రసం పలచగా ఉంటే రూబెన్ చూసుకోలేదు గనుక రూబెన్‌దే తప్పు అన్నావు.

ఇంతవరకూ రాసి లేచి కోళ్ళకి మేత వేసి వచ్చాను. మళ్ళీ కూర్చున్నాను. ఇక చాటున దాక్కోవడానికి నీ ప్రశ్నలేవీ మిగల్లేదు.

రసం చిక్కదనం ఎలా చూస్తారో నీకు గుర్తుంది కదూ. కోడిగుడ్డు వేసి చూస్తారు. పలచని రసంలో మునుగుతుంది, తగినంత మరిగాక తేలుతుంది, అప్పుడు మంట తీస్తారు. ఆ గుడ్డు ఆ పొద్దున పెట్టిందే కావాలి. గుడ్డు నిలవున్నకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, పలచని రసంలో కూడా తేలిపోతుంది. మీ నాన్నమ్మ కాలం నుంచీ ప్రతి సోమవారం పెనంలో వేసే గుడ్డు మన ఇంటిదే. నేను కాపురానికి వచ్చిన వారానికి ఆవిడ నా చేత బైబిలు మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించింది, సోమవారం గుడ్డు సోమవారానిదే ఇస్తానని. కొత్త కోడలికి ఇదేం వేడుక అని నేను లోలోపల నవ్వుకున్నాను.

అక్టోబరు ఐదు, సోమవారం. కోళ్ళు ఈకలు రాల్చుకునే రోజులు. ఐదింటిలో ఒక్కటే పెట్టింది, ఒకే గుడ్డు. నాన్నకి అప్పటికి పదిరోజులుగా దగ్గు, రొట్టె ముక్క కూడా లోపల నిలిచేది కాదు. ఆ గుడ్డు గిలకొట్టి వేడిపాలలో కలిపి చేతికిచ్చాను.

"ఇది పెనానిది కదే?" అన్నాడు.

"రెండు పెట్టింది. నువ్వు తాగు."

"ఈకలూడే కాలంలో రెండా? నా మీద ఆ కోడికున్న దయ నీకెక్కడిది?" అని నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు ఆగాక మొత్తం తాగాడు. గిన్నె అడుగు వేలితో నాకాడు కూడా.

కోడి వేరేచోట పెట్టకుండా గూట్లో ఒక గుడ్డు ఎప్పుడూ వదిలిపెడతాం కదా, ఆ గుడ్డు తీశాను. మూడు వారాలదో, ఇంకా పైనో. గౌను అంచుతో తుడిచాను. చల్లగా ఉంటే రూబెన్ పట్టేస్తాడని, పెనాల దాకా నడిచినంతసేపూ దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చజేశాను. ఎఫ్రాయిమూ, పొరపాటున ఇచ్చానని రాయడానికి ఈ ఒక్క సంగతి అడ్డం వస్తోంది. వెచ్చజేసి ఇచ్చాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ గుడ్డు తేలింది. పీపా నిండింది. పన్నెండు రోజుల తర్వాత నాన్న దగ్గు తగ్గి, హుషారుగా బరమా భుజాన వేసుకుని పనికి వెళ్ళాడు.

సోమవారం తీర్పు అయ్యాక మంగళవారం పొద్దున రూబెన్ ఇంటికి వెళ్ళాను. సామాను మూటకడుతున్నాడు. నిలబడే చెప్పేశాను, ఇప్పుడు నీకు రాసినట్టే, చంక సంగతితో సహా. ఆయన మూట కట్టడం ఆపలేదు.

"నాకు తెలుసమ్మాయీ. మంచి గుడ్డు అడ్డంగా తేలుతుంది. అది లావుకొస పైకెత్తి నిలువుగా లేచింది. యాభై ఏళ్ళ నుంచీ చూస్తన్నా, ఆ మాత్రం తెలీదా?"

మరి పారేసి ఇంకోటి ఎందుకు అడగలేదని అడిగాను. ఆ మాట నా నోటి నుంచి కోపంగానే వచ్చింది, ఏ మొహం పెట్టుకుని వచ్చిందో తెలియదు.

"లూకు దగ్గు పెనాల కాడిదాకా ఇనబడేది. మంచి గుడ్డు యాడికి పోయిందో నేను అడగాలా? ఇంకో అరపూట మరిగిత్తే సరిపోద్దిలే అనుకున్నా. సరిపోలా. అంచనా నాది, తప్పు నాది. నువ్వింటికెళ్ళు."

నేను ఇంటికి వెళ్ళలేదు. నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్ళి పింక్నీ గారితో అంతా చెప్పాను. ఆయన మంచివారే, మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. రూబెన్‌ని పిలిపించి నా ఎదురుగానే, ఈమె చెప్పేది నిజమేనా అని అడిగారు.

రూబెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "లేదయ్యా. అప్పుడే పెట్టిన గుడ్డు, చేతికి వెచ్చగా తగిలింది. మొగుడు పోయిన మనిషి, పాపం ఏదో ఒకటి నెత్తినేసుకుంటంది."

గుడ్డు వెచ్చగా ఉండటం నా మోసం. దాన్నే తీసుకొచ్చి నాకు అడ్డం పెట్టాడు. దాంతో నా మాటకి విలువ పోయింది. పింక్నీ గారు నాకు కుర్చీ వేయించి, నీళ్ళిప్పించి, దుఃఖంలో మనసు ఇలాంటివి కల్పిస్తుందని నెమ్మదిగా చెప్పి, గుమాస్తా భార్యని తోడిచ్చి ఇంటికి పంపించారు. బయటికి వచ్చాక రూబెన్‌ని నిలదీశాను. ఎందుకు అబద్ధమాడావు, నీకు పోవడానికి చోటైనా ఉందా అన్నాను. నువ్వింకా పాతికేళ్ళు ఈ ఊళ్ళో నీళ్ళకి పోవాలమ్మాయీ, మొగుణ్ణి చంపిందని ఎనకాల అంటా ఉంటే ఎట్టా పోతావు, నేనెంతకాలం ఉంటాను గనక అన్నాడు. పిల్లిని ఎవరు ఉంచుకుంటారో అడగడానికి పక్క వీధికి వెళ్ళిపోయాడు.

ఆయన నా కోసం చేశాడు. నేను నాన్న కోసం చేశాను. ఇద్దరం మంచే తలపెట్టాం, నాన్న పోయాడు. ఇది ఎన్నిసార్లు తిప్పితిప్పి చూసినా నాకు ఏడుపు రాదు. కాని ఆ ముసలాయన సత్రానికి పోతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడటం మాత్రం నా వల్ల కాదు. ఈ నాలుగు వారాల్లో నాకు ఖచ్చితంగా తెలిసింది అదొక్కటే.

నా మాట ఇక్కడ ఎవరూ నమ్మరు. రూబెన్ తన నోటితో ఒప్పుకోడు. పింక్నీ గారు నమ్మేది ఒక్కటే, మీ ఫ్యాక్టరీ ముద్ర ఉన్న కాగితం. అందుకే విరిగిన గోడలోంచి రెండు ముక్కలు గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వాటి మందం ఎక్కడా తగ్గించలేదు, పైన పీపా చెక్క అంటుకున్న గుర్తు ఒకవైపు, లోపలి గింజలు ఒకవైపు కనిపిస్తాయి. మీ పెద్దాయనకి చూపించు. ఇనుము లేదని, చేదు ఉప్పు లేదని, శుద్ధమైన పటికేనని ఆయన చేత రాయించు. చూపు మందగించిన మనిషి ఇంత శుభ్రంగా పటిక తియ్యలేడని రాయించు. మంచి గుడ్డు ఏ చిక్కదనానికి తేలుతుందో, మూడు వారాల గుడ్డు ఏ చిక్కదనానికి తేలుతుందో మీ దగ్గర కొలిచి చూడటం ఎంతసేపు? ఆ తేడాకి గోడ మందంలో ఎంత తగ్గుతుందో లెక్క కట్టించు. జానెడు దగ్గరికే వస్తుంది.

దాని కింద నువ్వు రాయి. పెనం గుడ్డు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో, ఆ రోజు అది ఎందుకు ఇవ్వలేదో, నీకు రాసి ఒప్పుకున్నదెవరో రాయి. మా అమ్మ అని రాయకు, ఊరికే జాలిపడతారు. థామసిన్ హార్లండ్ అని పూర్తి పేరు రాయి. దానివల్ల ఈ ఇల్లు నా చేతిలోంచి పోతే పోతుంది, ఆ సంగతి నేను చూసుకుంటాను. ఇరవై మూడుకి పదకొండు రోజులే ఉంది, టపా రావడానికి రెండు రోజులు పడుతుంది, నువ్వు ఆలోచిస్తూ కూర్చోకు. నాకు పంపకు, నేరుగా పింక్నీ గారి పేరున పంపు. నాకు ఆ తర్వాత రాద్దువుగాని, రాయాలనిపిస్తే.

అమ్మ మీద ఇలా ఎలా రాయను అంటావని తెలుసు. రూబెన్ గురించి నువ్వు రాసిన కాగితం నా ముందే ఉంది. నాలుగుసార్లు చదివాను. ఎక్కడా కొట్టివేత లేదు, ఒక్క అక్షరం వంకర పోలేదు. ఇది కూడా ఆ చేత్తోనే రాయి నాయనా.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ.